పేరు పెట్టి పిలిచే టికెట్

మా పోతిరెడ్డిపల్లి కాలనీ పాటల కచేరీకి ఏ టికెట్ యాప్ తీసుకోవాలో ఈ సాయంత్రం కమిటీలో తేల్చారు. నెట్ లేకపోయినా గేటు దగ్గర టికెట్ స్కాన్ చేసే యాప్‌ను నేను వెతికి మరీ పట్టుకెళ్లాను. ఎదురింటి శ్రీకాంత్ తెచ్చినదానికి నెట్ లేకపోతే నోరే పెగలదు. అక్కడ నెట్ ఉంది కాబట్టి, స్కాన్ చేయగానే "స్వాగతం, యాదగిరి గారూ!" అని పైకి పలికింది. మా ప్రెసిడెంట్ యాదగిరి అక్కడే కరిగిపోయాడు.

"నీది గూడ మంచిగనే ఉందన్నా. గాని గిది పేరు వెట్టి పిలుస్తున్నది సూడు!" అన్నాడు నాతో. చప్పట్లన్నీ శ్రీకాంత్‌కే.

ఒళ్లు మండిపోయింది. కచేరీ రోజు నెట్ పోవాలని మనసారా కోరుకుంటూ ఇంటికొచ్చి, అందరికంటే ముందు ఆ శ్రీకాంత్ యాప్‌లోనే టికెట్ కొన్నాను. మీరైనా అంతే చేసేవారు కదూ?

నెట్ మాత్రం నన్ను "గారూ" అని పిలిచాకే పోవాలి.