లైట్‌హౌస్ లోపలి వాసన

మా పెద్దమ్మని ఆ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె ముక్కు పెద్దమ్మే. సొంత చెల్లెలి కూతుర్ని, నాకు మాత్రం అలా పిలిచే ధైర్యం ఎప్పుడూ లేకపోయింది. ఆమె నోటికి జడిసి కాదు, నా నోరూ తక్కువదేం కాదు. ఆ ముక్కంటేనే భయం. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, నేను ఏం తిని వచ్చానో, ఎవరింట్లో కూర్చుని వచ్చానో గుమ్మం దాటకముందే చెప్పేసేది. ఒకసారి చెప్పకుండా చేపల రేవుకి వెళ్ళి, సబ్బుతో రెండుసార్లు కాళ్ళు కడుక్కుని వచ్చినా దొరికిపోయాను. "సబ్బు ఎందుకు వాడావే?" అని అడిగింది. నేను అక్కడికక్కడే అంతా కక్కేశాను.

ఆ ముక్కే ఆమెకి అన్నం పెట్టింది. ఆ ఊళ్ళో చలికాలంలో పదిహేను రోజులు పళ్ళ పండుగ చేస్తారు. సముద్రం ఒడ్డు రోడ్డు పొడుగునా నారింజలతో, నిమ్మపళ్ళతో పెద్ద పెద్ద బొమ్మలు నిలబెడతారు. ఒక ఏడు ఓడ, ఒక ఏడు గడియారం, ఒక ఏడు కొంగ. ముందు ఇనప కమ్మీలతో అస్థిపంజరం కడతారు. దాని మీద జాలీ బిగించిన చట్రాలని సన్నటి కట్టు తీగతో కట్టేస్తారు. ఆ జాలీకి ఒక్కొక్క పండునీ రబ్బరు బ్యాండుతో తగిలిస్తారు. ఒక్కో చట్రం ఇద్దరు మగవాళ్ళు ఎత్తలేనంత బరువుంటుంది. చూసేవాళ్ళకి బయట పళ్ళే కనిపిస్తాయి. లోపలంతా డొల్ల. ఒక ఇనప నిచ్చెన, పక్కకి తిరిగితే ఒక మనిషి పట్టేంత చోటు, అంతే.

ఇరవై రెండేళ్ళ కిందట మా పెదనాన్న అక్కడ వెల్డింగ్ చేసేవాడు. ఆయనకి క్యారియర్ తీసుకెళ్ళిన పెద్దమ్మ ఆ ఏటి ఏనుగు పక్కన ఆగి, చెవి దగ్గర కుళ్ళు వాసన వస్తోందని చెప్పింది. అందరూ నవ్వారు. పెదనాన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. మూడో రోజు ఏనుగు చెవి ఊడి ఐస్‌క్రీమ్ బండి మీద పడింది. బండివాడు చిల్లర కోసం పక్క కొట్టుకి వెళ్ళాడు కాబట్టి బతికాడు. కుళ్ళిన పండు రసం కారితే కట్టు తీగని తినేస్తుందనీ, ఉప్పు గాలి దానికి తోడవుతుందనీ అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. మర్నాటి నుంచి మేస్త్రీ స్వయంగా వచ్చి ఆమెని పిలుచుకెళ్ళాడు.

అప్పటి నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. రోజూ పొద్దున్న గేట్లు తీసే ముందు పెద్దమ్మ ఒక్కతే బొమ్మ లోపలికి వెళ్తుంది. నిచ్చెన ఎక్కుతూ, ఆగి ఆగి వాసన చూస్తుంది. చెడిన పళ్ళని లోపలి నుంచే పీకి బుట్టలో వేస్తుంది. అంతా బాగుందనుకున్నాక బయటికి వచ్చి తలుపు గడియకి తెల్లగుడ్డ కడుతుంది. ఆ గుడ్డ చూశాకే మేస్త్రీ జనాన్ని వదులుతాడు. ఎలా కనిపెడుతుందో ఎవరికీ చెప్పేది కాదు. "చెబితే నన్నెవరు పిలుస్తారే?" అనేది.

పోయిన చలికాలం నేను మా చిట్టిని తీసుకుని వెళ్ళాను. దానికి ఏడేళ్ళు. బస్సులో మా పక్కన ఒకాయన కిరసనాయిలు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. అది ఒలికి నా సంచీ ఒక మూల తడిసింది. ఇంక పెద్దమ్మ గుమ్మంలోనే మొదలుపెడుతుందని సిద్ధపడి దిగాను. ఆమె సంచీ అందుకుని, భుజాన వేసుకుని, "ప్రయాణం బాగా జరిగిందా?" అని మాత్రం అడిగింది. నాకెందుకో బాగనిపించలేదు. వయసు మీద పడుతోందిలే అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

సాయంత్రం పండుగకి వెళ్ళాం. ఈసారి బొమ్మ లైట్‌హౌస్. ఒక వరస నారింజలు, ఒక వరస నిమ్మపళ్ళు, రెండంతస్తుల ఎత్తు. కింద కమాను, కమాను లోపల ఒక బెంచీ. ఫొటోల కోసం జనం అక్కడ బారు కట్టారు. పెద్దమ్మని చూసి అందరూ పక్కకి తప్పుకున్నారు. ఆమె చిట్టిని చెయ్యి పట్టి తీసుకెళ్ళి బెంచీ మధ్యలో కూర్చోబెట్టింది. "ఇక్కడైతే వెలుతురు మొహం మీద బాగా పడుతుంది" అంది. నేను ఫొటోలు తీస్తూ ఉన్నాను. అవి అయ్యేసరికి పావుగంట పట్టింది.

"అమ్మా, నెత్తి మీద చుక్క పడింది" అంది చిట్టి, ఫొటోల మధ్యలో.

"మంచులే" అంది పెద్దమ్మ, రుమాలు తీసి తుడుస్తూ.

సాయంత్రం నాలుగున్నరకి మంచేమిటని నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది.

మర్నాడు లేచేసరికి చిట్టి దిండు మీద చీమలు. జుట్టు దగ్గర్నుంచి గోడ వరకూ సన్నటి బారు. పక్క మీద బిస్కెట్లు తిన్నావా అని దాన్ని కసిరాను. తినలేదని అది ఏడుపు మొహం పెట్టింది. దాని తల దులుపుతూ ఉండగా వంటగదిలోంచి గ్యాసు వాసన వచ్చింది. కొద్దిగా కాదు, కళ్ళు మండేంత.

పరిగెత్తాను. పెద్దమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. అగ్గిపెట్టె చెమ్మగిల్లిందని పక్కవాళ్ళింటికి వెళ్ళి కొత్తది తెచ్చుకుందట. పొయ్యి మీట తిప్పే ఉంది. పుల్ల గీయబోతోంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్న తీరుకి పెట్టె కింద పడింది. మీట కట్టేసి, కిటికీ తీసి, ఆమెని వరండాలోకి లాక్కొచ్చాను.

"నీకు తెలియడం లేదా పెద్దమ్మా?"

"ఏం తెలియాలి?" అంది ముందు. తర్వాత నా మొహం చూసి మెట్టు మీద కూలబడింది. "పదకొండు రోజులైందే. జ్వరం వచ్చి తగ్గింది. ఇది మాత్రం తిరిగి రాలేదు. కాఫీ అయినా, ఫినాయిల్ అయినా నాకొకటే."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? ముక్కు పెద్దమ్మకి ముక్కు పనిచెయ్యట్లేదనా?"

"మరి రోజూ లోపలికి వెళ్ళి ఏం చేస్తున్నావు?"

ఆమె రెండు చేతులూ చాపింది. బొటనవేళ్ళు పగిలి, గోళ్ళ పక్కన తెల్లగా ఉడికిపోయి ఉన్నాయి. "నొక్కి చూస్తున్నా. వీలైనంత వరకూ ఒక్కొక్క పండూ నొక్కి చూస్తున్నా. పై వరసల దాకా వెళ్ళే వేళ చాలట్లేదు."

నేను లెక్క వేశాను. పండుగ మొదలై తొమ్మిదో రోజు. పళ్ళు కట్టడం అయింది దానికి రెండు రోజుల ముందు. "అంటే ఈ లైట్‌హౌస్‌ని నువ్వు ఒక్కసారి కూడా వాసన చూడలేదన్నమాట" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. పని పోతుందనే ఇదంతా చేశావా అని అడిగాను.

"పని పోతే పోయింది. వాళ్ళు పిలిచే ఆ పిలుపు పోతుందనే" అంది.

నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళి చెప్పి ఉండాల్సింది. ఆ మాటే అన్నాను కూడా. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీ ముక్కు మీ అమ్మది, మీ అమ్మది మా అమ్మది. బేకరీలో పనిచేస్తున్నదానివి. ఈ ఒక్కరోజు నాతో లోపలికి రా. నువ్వు బాగుందంటే నా మనసు కుదుటపడుతుంది. లేదంటే నేనే చెప్పేస్తాను." నేను లొంగిపోయాను. ఆమె మీద జాలితో అని అందరికీ చెప్పుకున్నాను గానీ, ఆ ముక్కుకి వారసురాలిని నేనే అన్న మాట నాకూ తీపిగా తగిలింది.

చిట్టిని గేటు దగ్గర, టికెట్లిచ్చే ఆవిడ పక్కన కూర్చోబెట్టాం. లైట్‌హౌస్ వెనక తలుపు చిన్నది. పెద్దమ్మ నన్ను ముందు లోపలికి పంపి, తను వెనక వచ్చింది. తలుపు వేయగానే సముద్రం హోరు ఆగిపోయింది. గోడలన్నీ పళ్ళ వీపులే, సందుల్లోంచి సూదుల్లా వెలుతురు. ఎక్కడో పైన ఇనుము చిన్నగా మూలిగింది.

"గాలికి అలాగే అంటుంది" అంది పెద్దమ్మ. ఆమె గొంతులో నాకు నమ్మకం కనిపించలేదు.

నిచ్చెన ఎక్కాం. అయిదు మెట్లు, ఆగడం, మళ్ళీ అయిదు మెట్లు. కింద నారింజ వరసల దగ్గర తొక్క వాసన ఘాటుగా తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఘాటు చూసి, పాడైపోయిందేమో అని భయపడ్డాను. కమాను పైనున్న నిమ్మపళ్ళ వరస దగ్గరికి వచ్చేసరికి ఆ ఘాటు పోయింది. హమ్మయ్య అనుకున్నాను. పెద్దమ్మ కింది మెట్టు మీద నిలబడి, డాక్టరు మొహం చూసే రోగిలా నా మొహం చూస్తోంది.

"చెప్పు" అంది.

"ఇక్కడ హాయిగా ఉంది పెద్దమ్మా. పొద్దున్నే మా బేకరీ తలుపు తీస్తే ఉంటుందే, పిండి పొంగినప్పటి వాసన. మెత్తగా, తియ్యగా."

ఆమె నిచ్చెనని రెండో చేత్తో కూడా పట్టుకుంది. "తియ్యగానా?" అంది.

"ఆఁ. కుళ్ళు వాసన ఏమీ లేదు."

"కుళ్ళంటే కంపు కొడుతుందనుకున్నావా? మంచి పండు ముక్కుకి గుచ్చుకోవాలే. పిండి పొంగిన వాసన వచ్చిందంటే లోపలంతా నీరైపోయినట్టే." ఆమె చెయ్యి చాపి ఒక నిమ్మపండు నొక్కింది. తొక్క అలాగే నిలిచి, లోపలిదంతా ఆమె మోచేతి మీదుగా జారింది. ఈ పళ్ళు కట్టే రోజు వాన పడిందట. తడి ఆరకముందే కట్టేశారట. రసం కారిన దారి పొడుగునా కట్టు తీగలు నల్లబడి, వెంట్రుకంత సన్నగా అయిపోయాయి. కొన్ని అప్పటికే తెగి వేలాడుతున్నాయి.

అప్పుడు నాకు దిండు మీది చీమలు గుర్తొచ్చాయి.

మేస్త్రీకి చెబుదాం పద అంటున్నాను, ఇంతలో కింద అడుగుల చప్పుడు. ఒకటి కాదు, పదుల కొద్దీ. నవ్వులు, పిల్లల అరుపులు. సందులోంచి చూస్తే కమాను కింద జనం. వాళ్ళ మధ్య, తలెత్తి వేలితో నారింజలు లెక్కపెడుతూ మా చిట్టి.

"గేటు ఎందుకు తీశారు? గుడ్డ నువ్వు కట్టలేదుగా" అన్నాను.

"కట్టాను" అంది పెద్దమ్మ. "లోపలికి వచ్చేటప్పుడే కట్టాను." పండుగ మొదలైన ఈ తొమ్మిది రోజులూ అలాగే చేస్తోందట. చూసినా చూడకపోయినా కట్టక తప్పని గుడ్డ కాబట్టి, ముందే కట్టేసి లోపలికి వచ్చేదట. చెయ్యికి అలవాటైపోయింది. ఈ పొద్దున్న కూడా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

అరవై నాలుగేళ్ళ మనిషి నిచ్చెన అలా దిగడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను బయటికి వచ్చేసరికి ఆమె గుడ్డ లాగి పారేసి, కమాను కింద బెంచీ ఎక్కి నిలబడి ఉంది.

"అందరూ బయటికి పొండి" అంది. ఎవరూ కదల్లేదు. పండుగలో ఇదీ ఒక వేడుకేమో అన్నట్టు ఒకాయన ఫోన్ ఎత్తి వీడియో తీయసాగాడు.

మేస్త్రీ అడ్డం వచ్చాడు. "ఏంటి పెద్దమ్మా ఇది? నిన్న బాగుందన్నావు, ఇవాళ గుడ్డ కట్టావు. నేను చూశాగా."

"నాకు వాసన తెలియట్లేదు" అంది పెద్దమ్మ. గొంతు పెద్దది చేసి, రోడ్డు చివరి వాళ్ళకీ వినిపించేలా మళ్ళీ అంది. "పదకొండు రోజులుగా నాకు ఏ వాసనా తెలియట్లేదు. నేను మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఈ బొమ్మ పడిపోతుంది. పిల్లల్ని తీసుకుని పొండి."

ఆ మాట మీద కదిలారు. నేను చిట్టిని చంకనెత్తుకుని రోడ్డు అవతలికి పరిగెత్తాను. పెద్దమ్మ ఆఖరి మనిషి దాటే వరకూ బెంచీ మీదే నిలబడింది. మేస్త్రీ రెక్క పట్టి లాగితే గానీ దిగలేదు. ఇద్దరూ జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడ్డారు. ఆయన తిడుతున్నాడు, ఈమె తల వంచుకుని పడుతోంది. ఇరవై నిమిషాలైనా ఏమీ కాలేదు. జనం గొణగడం మొదలుపెట్టారు. ముసలిదానికి మతి పోయిందని నా పక్కన ఎవరో అన్నారు. నేను తిరగబడి ఉండేదాన్నే. అంతలో టప్ మని ఒక తీగ తెగింది. ఆ వెంటనే వరసగా ఇంకొన్ని.

కమాను మీది చట్రం మొత్తం ఒక్కసారిగా దిగింది. బెంచీ చెక్కలు ముక్కలైపోయాయి. నిమ్మపళ్ళు రోడ్డంతా దొర్లాయి. దొర్లనివి పగిలి అక్కడే ఉన్నాయి. ఆ బేకరీ వాసన సముద్రం గాలిలో కూడా తేలిగ్గా తెలిసింది. మేస్త్రీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పెద్దమ్మ తాడు కింద నుంచి దూరి వెళ్ళింది. పడ్డ చట్రం పక్కన గొంతుక్కూర్చుని ఒక తీగ వంచింది. ఎండిన పుల్లలా విరిగింది. ఇంకోటి వంచింది. అదీ విరిగింది.

"ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు" అంది నాతో. "నాలుగైదు రోజులుగా ఇలాగే ఉండి ఉంటుంది." తర్వాత విరిగిన బెంచీని చూసింది, నా చంకలో ఉన్న చిట్టిని చూసింది. "నిన్న దాన్ని ఇక్కడ కూర్చోబెట్టింది నేనే కదే" అంది.

ఆ తర్వాత ఆమె పండుగ వైపు వెళ్ళలేదు, వాళ్ళూ పిలవలేదు. కాఫీ వాసన మాత్రం ఈమధ్య కొద్దికొద్దిగా తెలుస్తోందట. నిన్నటి నుంచి మళ్ళీ చలి మొదలైంది. ఆ సాయంత్రం కమాను కింద తీసిన ఫొటో ఒకటి నా ఫోన్‌లో ఇంకా ఉంది. తీసెయ్యాలని చాలాసార్లు అనుకున్నాను. చిట్టి బెంచీ మధ్యలో కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. పక్కనే పెద్దమ్మ ఒంగి, దాని నెత్తి మీద పడ్డ చుక్కని రుమాలుతో తుడుస్తోంది.