కాంటా దగ్గరి సీతమ్మ

చెరకు బండి తూకానికి కాంటా ఎక్కాలంటే ముందు రైతు పేరు పిలవాలి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ యార్డులో పందొమ్మిది వందల యాభై ఆరు నుంచి ఆ పిలిచే పని బాలనర్సయ్యది. రెండు మూడు వందల బండ్లు వరసకట్టి ఉన్నా సరే, చిట్టచివరి బండి కింద గోనెసంచి పరుచుకుని కునుకు తీస్తున్న మనిషి కూడా తన పేరు విని లేచి కూర్చునేవాడు. బాలనర్సయ్య అరిచేవాడు కాదు, పిలిచేవాడు. ఆ రెంటికీ తేడా తెలియనివాళ్లు ఆ పనిలో చేరి నాలుగు రోజులకే గొంతు పోగొట్టుకుని వెళ్లిపోయారు.

ఆ గొంతు చిరుతల రామాయణంలో తయారైంది. సీజను అయిపోయి ఫ్యాక్టరీ పొగ ఆగగానే చుట్టుపక్కల ఊళ్లలో ఆట మొదలయ్యేది. చేతుల్లో చిరుతలనే చెక్కతాళాలు వాయిస్తూ మగవాళ్లంతా గుండ్రంగా తిరిగి ఆడే ఆట అది. బాలనర్సయ్యది సీత వేషం. ఆట నడిచినన్నాళ్లూ మాంసం ముట్టడు, చెప్పులు తొడగడు. అతన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు, సీతమ్మా అంటారు. కల్యాణం నాడు ఊరి ఆడవాళ్లు వరసగా వచ్చి, కన్నకూతురికి పోసినట్టే ఒడిబియ్యం పోసి కళ్లు తుడుచుకుని వెళతారు. మిగతా ఏడాదంతా బీడీ తాగుతూ కాంటా దగ్గర నిలబడే మనిషే అని వాళ్లకు తెలియక కాదు.

ఆ ఒడిబియ్యమే అతని పెళ్లికి అడ్డొచ్చింది. బాల్కొండ నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్లా సరేనంది, తండ్రీ సరేనన్నాడు. అత్త కావలసిన ఆవిడ మాత్రం అడ్డం తిరిగింది. రెండేళ్ల కిందటే తను అతనికి ఒడి నింపిందట. "బిడ్డా అని ఒడిబియ్యం పోసిన చేతులతోని ఇప్పుడు అల్లునికి అన్నమెట్ల పెట్టాలె?" అని అడిగింది. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది. ఇంకో రెండు చోట్లా అదే మాట వచ్చేసరికి బాలనర్సయ్య ఆ ఊసే మానుకున్నాడు. రామ వేషం కట్టినవాళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి. సీత ఒక్కతే ఒంటరిగా మిగిలిపోయింది, నవ్వాలో ఏడవాలో మరి.

ఇంట్లో ఉన్నది అక్క చంద్రవ్వ ఒక్కతే. అతనికన్నా పదిహేనేళ్లు పెద్ద, తల్లి పోయాక అతన్ని పెంచిన మనిషి. ఇరవయ్యో ఏట అమ్మవారు పోసి ఆమె రెండు కళ్లూ పోయాయి. పక్కింటి హన్మవ్వ తునికాకు కత్తిరించి ఇస్తే తడుముకుంటూ బీడీలు చుట్టేది. తమ్ముడి మొహం ఐదేళ్ల వయసులో ఎలా ఉండేదో ఆమెకు అలాగే మిగిలిపోయింది. ఆ తర్వాత అతను పెరిగిందంతా ఆమె చెవులతోనే చూసింది. ఆట ఎక్కడ జరిగినా బండిలో కూర్చుని వెళ్లి ముందు వరసలో కూర్చునేది. సీత పాడుతుంటే పక్కవాళ్లతో, ఇప్పుడు కన్నీళ్లు వచ్చాయి చూడండి అని చెప్పేది. నిజంగానే వచ్చేవి.

అరవై ఆరులో నిజామాబాదులో నాటక పోటీలు పెట్టారు. అవి చూడటానికి మద్రాసు నుంచి వచ్చిన ఒక సినిమా దర్శకుడు బాలనర్సయ్యను చూసి వెంట తీసుకెళ్లాడు. బండి తోలేవాడి వేషం, నాలుగంటే నాలుగు మాటలు. దారి తప్పిన హీరోయిన్ని బండెక్కించుకుని ఊరు చేర్చాలి. నెల రోజులు అక్కడుండి, ఆ నాలుగు మాటలూ కెమెరా ముందు చెప్పి తిరిగొచ్చాడు. వచ్చిన రోజు నుంచి చంద్రవ్వ వాటిని అతని చేత రోజూ చెప్పించుకుంది.

ఏడాదిన్నర తర్వాత ఆ సినిమా బోధన్ వచ్చింది. యార్డు జనం మొత్తం మధ్యాహ్నం ఆటకు కదిలారు. అక్కను బెంచీ చివర కూర్చోబెట్టి బాలనర్సయ్య పక్కన కూర్చున్నాడు. తెర మీద బండి కనబడగానే హాలు హాలంతా ఈలలు. చంద్రవ్వ వెన్ను నిటారుగా చేసి, చెంగు చెవి మీది నుంచి వెనక్కి లాగుకుంది.

తెర మీద బాలనర్సయ్య నోరు తెరిచాడు. వచ్చిన గొంతు అతనిది కాదు. కోస్తా యాసలో ఎవరో మాటలు కూడా మార్చి సన్నగా, ముద్దుముద్దుగా పలికారు. మద్రాసులో ఎవరూ అతనికి ఈ సంగతి చెప్పలేదు. ఈలల్లో జనం గమనించనేలేదు. బాలనర్సయ్య మాత్రం అక్క వైపు తిరిగాడు.

చంద్రవ్వ కంగారు పడలేదు. చిరుతల ఆటలో పాత్ర వలయంలోకి రాగానే నోరు విప్పదు. వచ్చిందెవరో, ఎవరి బిడ్డో, ఏ పని మీద వచ్చిందో ముందు గురువు పాడాలి. అప్పుడే పాత్ర అందుకుంటుంది. ఆమె తమ్ముడి చెయ్యి నొక్కి, "ముందుగల ఎవలో చెప్తుండు గద. ఆయనదైనంక నువ్వందుకుంటవ్" అంది.

అతను ఊ అన్నాడు. బండి ఊరు చేరింది, హీరోయిన్ దిగిపోయింది. పాటలొచ్చాయి, ఫైటింగులొచ్చాయి. ప్రతి కొత్త గొంతుకూ ఆమె మెడ కాస్త ముందుకు సాగేది, మళ్లీ వెనక్కి వెళ్లేది. ఆట అయిపోయి అందరూ లేచారు. ఆమె లేవలేదు. నీ మాట ఇంకా రాలేదు కదా అంది.

హాలు ఖాళీ అయ్యేదాకా బాలనర్సయ్య పక్కనే కూర్చున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. ఆ సీను కోసేశారంటే ఆమె నమ్మేది, మద్రాసు వాళ్లను నాలుగు తిట్టేది. కానీ ఆ మనిషితో అబద్ధమాడటం అతనికి అలవాటు లేదు.

"అక్కా, గా బండోడు నేనే. మొకం నాదే. గొంతు ఇంకెవలదో పెట్టిండ్రు."

చంద్రవ్వ చెంగు మళ్లీ చెవి మీదికి లాక్కుంది.

"మరి నాకైతే నువ్వు రాలేదన్నట్టే గద తమ్మీ" అంది.

డెబ్భైలో అదే దర్శకుడు ఈసారి పెద్ద వేషమని ఉత్తరం రాశాడు. నా గొంతు ఉంచుతారా అని బాలనర్సయ్య అడిగాడు. మీ యాస జనానికి ఎక్కదని జవాబొచ్చింది. అయితే రానని రాసేశాడు. కాలదన్నుకున్నాడని యార్డులో అందరూ తిట్టారు. ఆ ఎండాకాలం సీతమ్మ ఎప్పటిలాగే పాడింది, ముందు వరసలో చంద్రవ్వ కూర్చుంది.

డెబ్భై మూడు వానాకాలంలో ఆమె పోయింది. మరుసటి ఏడు మళ్లీ ఉత్తరం వచ్చింది. ఎవరి గొంతైనా పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదని బాలనర్సయ్య జవాబు రాసి వెళ్లాడు. మూడు సినిమాలు చేశాడు. మూడూ బోధన్ వచ్చాయి, యార్డు వాళ్లు చూసి వచ్చి బాగా చేశావని చెప్పారు. అతను ఒక్కటీ చూడలేదు.