రత్నాలు పిన్ని జర్మనీ అయిన ఏడాది

ఆ ఏడాది మా ఊరు పనసగరువులో జర్మనీకి నాలుగేళ్లు. ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండేది. అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డు అందరికంటే ముందు మింగేసి, పక్క పళ్లేల్లోకి చూసేది. ఆస్ట్రియాతో కలిసి కూర్చునేది, ఫ్రాన్సు జుట్టు పట్టుకుని లాగేది. ఇంగ్లండు ఎవరితోనూ కలవకుండా గుమ్మం పక్కనున్న బియ్యం బస్తా ఎక్కి తినేది. అమెరికా ఇల్లు గెడ్డకు అవతల కాబట్టి, ఆ వాగు దాటి నడిచి వచ్చేసరికి ఎప్పుడూ పప్పన్నం చల్లారిపోయి ఉండేది.

పిల్లలకు ఈ పేర్లు పెట్టింది వంతాల రత్నాలు, మా అంగన్‌వాడీ ఆయా. నాకు వరసకు పిన్ని.

ఆమెకు నలభై దాటాయి. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. తల్లి మంచాన పడితే పోడు పనికని ఇంటికి వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. సోంబరు బాబాయిని పెళ్లి చేసుకుని, ఇద్దరు కూతుళ్లను పెంచి పెళ్లిళ్లు చేసి పంపింది. అంగన్‌వాడీలో టీచరుగా ఉన్న అమ్మాయి మొగుడితో విశాఖ వెళ్లిపోయాక పక్క ఊరి టీచరుకు ఇన్‌చార్జి ఇచ్చారు. ఆవిడ వీలైనప్పుడు వచ్చేది. వండటం, తినిపించడం, ఆడించడం, నిద్రపుచ్చడం, పాటలు చెప్పడం అన్నీ పిన్నే చేసేది. జీతం మాత్రం ఆయాదే.

పదో తరగతి పాసైన ఆయాలకు టీచరు పోస్టు ఇస్తారని, వయసు దాటితే ఇవ్వరని సెక్టారు సూపర్‌వైజరు నాగలక్ష్మి గారు పాడేరు మీటింగులో చెప్పారు. పిన్నికి అదే ఆఖరి ఏడాది. అప్పటికే ఓపెన్ స్కూల్లో తెలుగు, లెక్కలు, సైన్సు గట్టెక్కింది. సోషల్ మాత్రం రెండుసార్లు పోయింది. అందులోనూ చరిత్ర వ్యాసాల దగ్గరే ఆగిపోతోంది.

ఒకరోజు గైడు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ధర్మా, నువ్వు ఏటేటో సదువుతావు కదా. ఈ యుద్ధాలూ ఇప్లవాలూ నా బుర్రకెక్కించు నాయనా."

నేను డిగ్రీ మధ్యలో మానేసినవాణ్ణి. హాస్టలు గోదాములో చెదలు పట్టిన పుస్తకాలూ, సంతలో పొట్లాలకు చింపేవీ తెచ్చుకుని చదివినవాణ్ణి. ఆ గైడు చూడగానే నాకు ఒళ్లు మండింది. ప్రపంచ యుద్ధానికి కారణాలు ఆరు, ఫలితాలు ఐదు. అన్ని లక్షలమంది చావు మూడో ఫలితం, ఒకటిన్నర వరస. నాగరికతల పాఠంలో నదులున్నాయి, ఇటుకలున్నాయి, మురుగు కాలవలున్నాయి. కొండ మీద మనుషులు బతికారని ఒక్క వాక్యం లేదు. ఇదంతా ఆమె ముందు చాలాసేపు తిట్టాను.

పిన్ని ఓపిగ్గా విని, "తిట్టడం అయిపోనాదా? ఇప్పుడు పాఠం సెప్పు" అంది.

ఫ్రెంచి విప్లవం ఆమెకు తేలిగ్గానే ఎక్కింది. రొట్టె దొరక్క ఆడవాళ్లు వానలో తడుస్తూ రాజుగారి కోటకు నడిచారని చెప్పాను.

"ఎంత దూరం?"

"ఇక్కణ్ణించి పాడేరంత ఉండదు."

"పిల్లల్ని ఎవులికి ఒప్పగించి ఎల్లారో" అంది. ఆ తర్వాత ఆ పాఠంలో ఒక్క ముక్క మరిచిపోలేదు. మన ఏజెన్సీలో జనం దొరల మీద తిరగబడితే దాన్ని పితూరీ అనేవాళ్లని చెప్పాను.

"పితూరీ అంటే మన యర్రమ్మ సేసేది కదరా? నాగలచ్చి గారికి ఫోను సేసి మనమీద సెప్పడం?"

"ఆ మాటే. కానీ అప్పట్లో తిరుగుబాటుకు ఆ పేరు."

"అయితే యర్రమ్మ సానా పెద్ద ఇప్లవకారిణి" అని పడీ పడీ నవ్వింది.

చిక్కంతా మొదటి ప్రపంచ యుద్ధంతోనే వచ్చింది. సాయంత్రం చెప్పింది పొద్దున్నకి ఉండేది కాదు. ఎవరు ఎవరివైపో, ఎవరి మీద ఎవరు పడ్డారో కలిపేసేది. నేను విసుక్కుంటే ఆమె కూడా విసుక్కుంది.

"ఒక్కదానికీ మొకం నేదురా. మొకం నేనిదాన్ని ఎలగ గురుతెట్టుకోను? మా అంగన్‌వాడీ గుంటల్లో ఎవుడు ఎవుడి గుడ్డు నాక్కున్నాడో ఇప్పుడడుగు, సెప్తాను."

ఆ మర్నాడే పేర్లు పెట్టేసింది. నేను మధ్యాహ్నం అటు వెళ్లేసరికి యుద్ధం నడుస్తోంది. సెర్బియా మోచెయ్యి తగిలి ఆస్ట్రియా పళ్లెం బోర్లా పడింది. ఆస్ట్రియా ఏడుపు విని జర్మనీ లేచాడు. వాడు జగదీష్, యర్రమ్మ కొడుకు. సెర్బియా తరఫున రష్యా లేచింది. జర్మనీకి కావలసింది ఫ్రాన్సు. మధ్యలో సోని కూర్చుని ఉంది. రెండేళ్ల పిల్ల, ఇంకా సరిగ్గా నడక రాదు. జగదీష్ ఆ పిల్ల పళ్లెం తొక్కుకుంటూ ఫ్రాన్సు మీదకు పోయాడు.

పిన్ని సోనిని చంకకెత్తుకుని నావైపు తిరిగింది.

"ఇది బెల్జియం. అవునా? ఇదేటి తప్పు సేసింది?"

"ఏమీ చెయ్యలేదు పిన్నీ. దారిలో ఉంది, అంతే."

"దారిలో ఉంటే తొక్కీడవేనా?" అంటూ సోని చేతికి ఇంకో గుడ్డు ఇచ్చింది.

వారం తిరిగేసరికి యుద్ధమంతా ఆమెకు నోటికొచ్చేసింది. రష్యా ఇంట్లో గొడవలొచ్చి మధ్యలో ఎందుకు వెళ్లిపోయిందో, అమెరికా ఎప్పుడు దిగిందో గరిటె తిప్పుతూ చెప్పేసేది. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడు యర్రమ్మ వచ్చింది.

"ఓలి రత్నాలూ! నా గుంటడిని పేరడిగితే జర్మనీ అంతన్నాడు. ఏటది, తిట్టా?"

"తిట్టు కాదే. దేశం."

"మంచి దేశవేనా?"

పిన్ని నావైపు చూసింది. నేను ఊరుకోవలసింది. "రెండుసార్లు యుద్ధానికి దిగి రెండుసార్లూ ఓడిపోయింది" అన్నాను.

"సూసినావా! ఓడిపోనదాని పేరు నా కొడుక్కే దొరికిందేటి?"

ఆ సాయంత్రమే నాగలక్ష్మి గారికి ఫోను వెళ్లింది. ఆయా పిల్లలకు తిండి పెట్టడం మానేసి కొట్లాటలు నేర్పుతోందని. మర్నాడు ఆవిడ పిన్నికి ఫోను చేశారు.

"ఏంటమ్మా రత్నాలూ ఇది? పరీక్ష పాసైతే నీ ఫైలు పైకి పంపాలి కదా. ఊళ్లోంచి కంప్లయింటు ఉంటే నేనెలా పంపను? ముందు ఆవిడతో రాజీపడు."

పిన్ని ఫోను పెట్టేసింది. ఇన్నేళ్లలో ఆమె ముఖం అలా పాలిపోవడం నేను చూడలేదు. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని యర్రమ్మ ఇంటికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను, ఈసారి నోరు మూసుకుని.

"తప్పయిపోనాదే యర్రమ్మా. ఏ దేశం కావాలో సెప్పు, ఇచ్చీస్తాను."

యర్రమ్మ ఇలాంటి బేరం ఎదురుచూడలేదు. కాస్త మెత్తబడింది.

"గెలిసినదియ్యి. అమెరికా ఇయ్యి."

"అమెరికా ఆలీసంగా ఒత్తాదే. నీ గుంటడు గుడ్డు కాడికి అందరికన్నా ముందొత్తాడు."

"అయితే రేపట్నుంచి ఆలీసంగానే అంపుతాను."

"ఆడు ఊరుకుంతాడేటి?"

యర్రమ్మకు నవ్వొచ్చేసింది. చివరికి ఇంగ్లండుకు ఒప్పుకుంది. బియ్యం బస్తా మీద కూర్చోవచ్చనేసరికి జగదీష్ కూడా ఒప్పుకున్నాడు. పాత ఇంగ్లండును ఇటలీ చేసింది పిన్ని. మధ్యలో వైపు మార్చిన ఇటలీ అయితే ఎటువైపు కూర్చున్నా పరవాలేదు. కానీ జర్మనీ ఖాళీ అయింది. ఓడిపోయే దేశమని అప్పటికి ఊరంతా తెలిసిపోయింది. తమ పిల్లను జర్మనీ చెయ్యడానికి ఒక్క తల్లీ ఒప్పుకోలేదు.

"ఓస్, దానికేటి? నానే అవుతాను" అంది పిన్ని.

ఆ రోజు నుంచి భోజనాల దగ్గర జర్మనీ చోట ఆమే బాసింపట్టు వేసుకుని కూర్చునేది. సోని పాక్కుంటూ వచ్చి ఆమె ఒళ్లో చేరి అక్కడే తినేది. తిని అక్కడే నిద్రపోయేది. చూసి నేను నవ్వుకున్నాను. బెల్జియం జర్మనీ ఒళ్లో నిద్రపోవడం ఏ గైడులోనూ ఉండదు.

పరీక్ష పాడేరులో. సర్వీసు జీపులో తీసుకెళ్లాను. సెంటరు బయట ఎండలో నిలబడి ప్రశ్నల కోసం చూశాను. ముందే బయటికి వచ్చినవాళ్ల చేతిలోని కాగితంలో మొదటి ప్రపంచ యుద్ధం ఉంది. కారణాలు, ముఖ్య సంఘటనలు వివరించమన్నారు. పది మార్కులు. నేను గాల్లో తేలిపోయాను.

పిన్ని నెమ్మదిగా వచ్చింది. వేళ్లకు సిరా.

"ఎలా రాశావు?"

"బాగానే రాసినాను. ఒక్క కాడ సెయ్యి ఆగిపోనాది."

"ఎక్కడ?"

"బెల్జియం కాడ."

"జర్మనీ బెల్జియం మీద పడింది. అంతే కదా. నీకు నోటికొచ్చు!"

"ఒచ్చు. కానీ జర్మనీ నానే కదరా. ఆ పిల్లని తొక్కుకుని ఎల్లినానని ఎలగ రాయను? కళ్ల ముందు కూకున్నాది. ఎంత రాద్దారన్నా సెయ్యి రానేదు. పక్కనుంచి ఎల్లిపోనట్టు రాసీసినాను."

"పక్కనుంచా? పక్కన సముద్రం పిన్నీ!"

"అయితే ఈదుకుంటా ఎల్లుంటాది."

నాకు కోపం ఆగలేదు. బస్టాండు దాకా తిడుతూనే ఉన్నాను. బెల్జియంలో అడుగు పెట్టారనే కదా ఇంగ్లండు దిగింది, అదే లేకపోతే మిగతా వ్యాసం కూలిపోతుంది, టీచరు పోస్టు పోతుంది, ఇంక వయసు కూడా ఉండదు అన్నాను. ఆమె తన చేతి సంచీలోంచి అరటిపండు తీసి నాకిచ్చింది. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదని ఆమెకు తెలుసు.

ఫలితాలు వచ్చేదాకా పిన్ని ఎప్పటిలాగే పనిచేసింది. కానీ పిల్లలకు వడ్డిస్తూ ఒక్కోసారి గరిటె పట్టుకుని నిలబడిపోయేది. "తెలిసి తెలిసి పోగొట్టుకున్నానేటిరా?" అని ఒకసారి అడిగింది.

సిగ్నలు కోసం కాఫీ తోట పైనున్న బండ ఎక్కి ఫోనులో చూశాను. పాసు. ఒక్క మార్కు తగ్గినా పోయేది. బండ దిగి అంగన్‌వాడీ దాకా పరుగెత్తాను. పిన్ని కుళాయి దగ్గర పప్పుగిన్నె తోముతోంది.

"పిన్నీ! పాసయ్యావు!"

చెయ్యి ఆగింది. కళ్లు నిండాయి. బూడిద చేతులతో తుడుచుకుంటే చెంపల మీద చారలు పడ్డాయి.

"బెల్జియానికి మార్కులేసినారా?"

"దేనికెన్నో చూపించరు."

"మంచి మనిసెవులో దిద్దుంటారు. ఆళ్లకీ సోనిలాటి పిల్ల ఉండుంటాది."

నాకు అలా అనిపించలేదు. కట్టలు కట్టలు దిద్దే మనిషి ఆ వాక్యం చదవకుండానే పేజీ తిప్పేసి ఉంటాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆమె పక్కన కూర్చుని గిన్నె అందుకున్నాను.

"నువ్వు టీచరువి. ఇంక ఇవి తోమకు."

"కొత్త ఆయా ఒచ్చీదాకా ఎవులు తోముతారు?"

"నేను తోముతాను."

పీచు, బూడిద తీసుకుని తోమి, కడిగి ఆమె చేతిలో పెట్టాను. పిన్ని గిన్నెను వెలుతురుకేసి తిప్పి చూసింది. ముక్కు ఎగబీల్చి నాకు తిరిగిచ్చేసింది.

"అడుగున మసి అలగే ఉన్నాది. మళ్లీ తోము, బేగి."