మంచుకొండల వెనక గోడ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా నేరం బొగ్గుదుమ్ము మీదికే పోయేది. బొగ్గుగనుల ఊరు మందమర్రిలో ఉన్నవాళ్లకు అదొక సౌకర్యం, వేరే కారణం వెతుక్కునే పని లేదు. (నేను డిగ్రీలో ఒక పేపరు తప్పినప్పుడు కూడా అవ్వ, అంటే మా అమ్మ, ఆ దుమ్మునే తిట్టింది.) అప్పుడే నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు సారుగా చేరాను. లోకంలో ప్రతిదానికీ నా దగ్గర సమాధానం ఉండేది. ఆ ఎండాకాలం దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా బావ, ముందుగది గోడ నిండా అంటించే బొమ్మ కాగితం తెచ్చాడు. మంచుకొండలు, కింద నీలం చెరువు. గోడ పెచ్చులూడుతోందని అక్క చెబితే, దాన్ని కప్పేలా తనే అంటించిపోయాడు. అల్లుడి కానుకంటే బాపుకు ప్రాణం. వచ్చినవాళ్లను కొండల ముందు కూర్చోబెట్టిన తర్వాతే మంచినీళ్లు ఇప్పించేవాడు.

వానలు పడ్డాక అవ్వకు దగ్గు పట్టుకుంది. ఆమె మంచం ఆ కొండల కిందే. పడుకోలేక లేచి కూర్చుని ఊపిరి అందుకునేది, చూస్తుంటే మాకు భయమేసేది. బొగ్గుదుమ్మేనని తేల్చి నేను కిటికీలన్నీ మూసి, సందుల్లో పేపర్లు కుక్కాను. దగ్గు ఇంకా పెరిగింది. చొప్పదండిలో మామయ్య ఇంటికి పంపితే అక్కడ తగ్గింది, తిరిగొచ్చాక మళ్లీ మొదలైంది. బాపు చిన్నబుచ్చుకున్నాడు.

"అన్న ఇంటికి పోతె దగ్గు రాదు. నా ఇంట్లనే వస్తది. నేనేం జేసిన్నే నీకు?"

"నేను కావాలని దగ్గుతున్ననా? జర ఊపిరాడనియ్యి!" అంది అవ్వ.

డాక్టరు ఛాతీ పరీక్షించి, "ఇంట్ల చెమ్మ గిట్ల ఉన్నదా?" అని అడిగాడు. బాపు నొచ్చుకుని, "మా ఇంట్ల మంచుకొండలున్నయి సార్, చెమ్మ లేదు" అన్నాడు. డాక్టరు మా ముగ్గురినీ ఒకసారి చూసి, మందులు రాయడంలో పడ్డాడు.

ఓ ఆదివారం బాపు క్యాలెండర్ కోసం కొండల పక్కన మేకు కొట్టాడు. ఒక్క దెబ్బకే అది తలదాకా దిగిపోయి, కాగితం అంచు ఊడి ముందుకు వాలింది. వెనక గోడంతా నల్లగా, పచ్చగా, నూగునూగుగా బూజు. గోడ అవతల స్నానాలగది, లోపలి పైపు కారుతోంది.

"అయ్యో, గీ కొండలకు నేను పొద్దుగాల లేస్తనే దండం పెట్టుకుంటిని గదరా!" అంది అవ్వ. (కైలాసం అనుకుందట.)

ఆమెను మళ్లీ చొప్పదండికి పంపి, మూతులకు గుడ్డలు కట్టుకుని కాగితం పీకేశాం. పైపు మార్పించి, తడిసిన పూత గీకించి, గోడ బాగా ఆరాకే సున్నం వేయించాం. కిటికీల్లో పేపర్లు మాత్రం ఎవరూ చూడకుండా నేనే తీసేశాను. తిరిగొచ్చిన అవ్వకు దగ్గు మెల్లమెల్లగా తగ్గి, చలికాలానికల్లా హాయిగా నిద్రపట్టింది.

ఇక మిగిలింది బావ. వీడియో కాల్ వచ్చినప్పుడల్లా బాపు, చెడిపోని ముక్కనొకదాన్ని అట్టకు అంటించి వెనక నిలబెట్టుకునేవాడు.

"కొండలు మంచిగున్నయా మామా?"

"సల్లగున్నయి అల్లుడా!"

మరో ఏడు బావ వచ్చి ఆ తెల్లగోడను అరచేత్తో తడిమాడు. బాపు తల ఎత్తలేదు.

"తీసేసిన్రా? మంచిగ జేసిన్రు" అన్నాడు బావ. "ఆడ మా రూంల గూడ గివే కొండలు. లేస్తే ఏడున్ననో సమజ్ కాదు. గీ సున్నం గోడ జూస్తే ఇంటికొచ్చినట్టుంది."

ఇప్పటికీ అద్దె ఇల్లు చూడడానికి పోతే నేను గోడలకు ముక్కు ఆనించి వాసన చూస్తాను. మా ఆవిడ సిగ్గుతో బయటికి వెళ్లిపోతుంది. ఏ వాసనా తగలకపోతే ఊరటగా ఉంటుంది. ఎందుకో, కొంచెం వెలితిగానూ ఉంటుంది.