నీలం కొమ్ములు

నిన్న మా గేటుకి రంగెయ్యడానికొచ్చిన కుర్రాడు నీలం డబ్బా మూత లేపాడో లేదో, ఆ ఎనామిల్ వాసన నన్ను చెవి పట్టుకుని మా పెదనాన్న గొడ్లచావిట్లోకి ఈడ్చుకుపోయింది.

గురజాల అవతల మా ఊళ్లో ఎండాకాలం కోళ్లు ఉడికిన గుడ్లే పెట్టేవి. నమ్మనివాళ్లు రెంటచింతల వెళ్లి కనుక్కోండి. కల్లాల్లో ఎండుమిరప ఘాటు, వాకిట్లో కొత్త ఆవకాయ జాడీలు, బండలాగుడు పందేలకని ఉలవలు మేపిన ఎడ్లు, చొక్కా కింద కత్తితోనే అన్నానికి కూర్చునే పెద్దలు, ఇదీ మా లోకం. ఊళ్లో రెండు పార్టీలు, ఒకదానికి పెద్ద మా పెదనాన్న.

ఒకరోజు పేపర్లో ఆయన్ని ఫ్యాక్షనిస్టని రాశారు. అది తిట్టో బిరుదో తేల్చమని ఇంగ్లీషు మాస్టారిని అరుగు మీదికి పిలిపించాడు. మాస్టారు మాటని చెరుకుగడలా కణుపు కణుపూ విరిచాడు: లాటిన్‌లో 'చెయ్యడం' అనే మాట మొదలు, దానికో తోక తగిలిస్తే కలిసి చేసే జట్టు, ఇంకో తోక తగిలిస్తే అదే పనిగా బతికేవాడు. రోమ్ సామ్రాజ్యంలో రథాల పందెం జట్లనీ ఆ మాటతోనే పిలిచేవాళ్లట, ఒకళ్లది నీలం, ఒకళ్లది పచ్చ.

"చివరికి పందెం చూసేవాళ్లే కొట్టుకుని ఊరు తగలబెట్టుకున్నారు పెద్దయ్యా," అన్నాడు మాస్టారు.

పెదనాన్న చెవికి రంగుల దాకే ఎక్కింది. "ఒరేయ్, మన ఎడ్ల కొమ్ములకి నీలం కొట్టండ్రా!" సాయంత్రానికి అవతలి పార్టీ ఎడ్లు పచ్చకొమ్ములతో తిరిగాయి. ఆపైన దుమ్ములోనైనా, పొగమంచులోనైనా కొమ్ము చూసి మనిషిని గుర్తుపట్టడం అలవాటైపోయింది.

పార్టీల వాళ్లు ఒకరి ఎడ్లు ఒకరు కొనరు. కానీ పెదనాన్న సంతలో అమ్మిన ముసలి జతని, ఆ నీలం వేరే ఊరివాళ్లదని బొంకి దళారి అవతలి పార్టీ కోటయ్యకే అంటగట్టాడు. కొమ్ములు గీకడానికి తీరిక లేక, తెల్లారగట్ల కోటయ్య అట్లాగే బండి తోలుకొస్తున్నాడు. వాగు గట్టున బాంబుల బకెట్‌తో పెదనాన్న కోసం కాపేసింది కోటయ్య సొంత మనుషులే. వాళ్లకి నీలం కొమ్ములు కనపడ్డాయి. అంతే.

చప్పుడు విని మేం పరిగెత్తేసరికి ఒక ఎద్దు పేగులు మిరపతోటలో పడున్నాయి. కోటయ్య కుడిచెయ్యి మణికట్టు నుంచి కిందికి లేదు. విసిరినవాళ్లు పారిపోయారు. పెదనాన్న తన పంచె చింపి కట్టు బిగించాడు.

"నన్నెందుకు ముట్టుకుంటన్నావురా, సావనీ!" అని అరిచాడు కోటయ్య.

"నోర్ముయ్. ఆ బాంబు నాకు రావాల్సిందిరా, నీకెట్టా వదిలేస్తా?"

మా బండి మీద పడుకోబెట్టి, దారంతా ఇద్దరూ ఒకరి అమ్మనొకరు తిట్టుకుంటూనే గురజాల ఆసుపత్రికి చేరారు. ఆ సాయంత్రం పెదనాన్న గాజుపెంకు తీసుకుని మిగతా ఎడ్ల కొమ్ములు తనే గీకాడు. నీలం పొట్టు ఆయన ఒళ్లో రాలింది.

ఇప్పుడా చావిట్లో ట్రాక్టర్ ఉంది. మాస్టారూ లేడు, పెదనాన్నా లేడు. కోటయ్య మాత్రం పెళ్లిళ్లలో కనపడితే ఎడంచేత్తో నా వీపు చరుస్తాడు.

"ఏం బాబాయ్, మొదలెట్టనా?" అన్నాడు కుర్రాడు, బ్రష్ ముంచబోతూ.

"ఆగరా. మూత పెట్టెయ్. ఇంకేదన్నా తే."

"పచ్చ తేనా?"

"అదీ వద్దు."