ఆవు లేని ఇంట్లో మీగడ

సతార్‌కుల్ అన్నకి ఎవరి మాట మీదా నమ్మకం లేదు. నారిన్ పట్నం అవతల మా కొండ ఊళ్ళో అంబులెన్సు నేను నడుపుతాను, ఆయన ఫెల్షర్. అంటే డాక్టరు రాలేని చోటికి సూదీ మందూ పట్టుకుని వచ్చే మనిషి. పెట్రోలు పోయించుకొచ్చానని చెప్తే నా మొహం చూడడు, ముల్లు చూస్తాడు. ఇన్నేళ్ళుగా పక్కన కూర్చుంటున్నాను, ఒక్కసారైనా "సరేలే ఎసెన్" అన్న పాపాన పోలేదు.

ఆయన ఉద్యోగం అలాంటిదనుకోండి. ఒంట్లోకి ఎంత నీరు పోయింది, ఎంత బయటికొచ్చింది, ఆ లెక్క తేలందే సూది ముట్టడు. "ఏం తాగించారు?" అంటే ప్రతి ఇంట్లోనూ "ఏమీ లేదన్నా" అంటారు. ఈయన తిన్నగా వెళ్ళి కెటిల్ మూత తీస్తాడు, మంచం కింద బొక్కెన లాగి చూస్తాడు.

మా వాళ్ళకేమో సెలైన్ పిచ్చి. తలనొప్పికి సెలైన్, నీరసానికి సెలైన్, మంచు కరగ్గానే రక్తం శుభ్రం కావాలని సెలైన్. షాపులో సీసాలు కొనుక్కొచ్చి, సూది వెయ్యడం తెలిసిన వాళ్ళని పిలిచి, గోడ తివాచీ మీద మేకు కొట్టి వేలాడదీస్తారు. సతార్‌కుల్ అన్నకి ఇది కంట్లో నలుసు. ఊళ్ళో ఎవరు పెడుతున్నారో పట్టుకుని తీరతానని ఏళ్ళ తరబడి ఆరా తీశాడు. ఎవరూ నోరు విప్పలేదు.

ఆయన అనుమానం ఆగే చోటు ఒకటే, సొంత గడప. భార్య జూరా వదిన ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసింది. పొద్దున్నే వెళ్తే రొట్టె, పాల టీ, చెంచా నిలబడేంత చిక్కటి మీగడ. వాళ్ళకి ఆవు లేదు. ఆ మీగడ ఎక్కడిదని అన్నకి ఏనాడూ తోచలేదు. నాకు తోచింది గానీ, మీగడ తింటూ ప్రశ్నలడిగే అలవాటు నాకు లేదు. ఈ గొడవ జరిగిన రోజు పొద్దున డబ్బా రేకు కోసుకుని ఆయన బొటనవేలు తెగితే వదినే ప్లాస్టరు వేసింది, తీసేటప్పుడు సులువుగా ఉండాలని చివర చిన్న మడత పెట్టి.

మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరామో లేదో ఫోనొచ్చింది. బురుల్కాన్ అనే ముసలావిడకి ఊపిరాడటం లేదట. వాళ్ళింట్లో ఆ రోజు మనవరాలికి చెవిపోగులు పెట్టే వేడుక, అంటే మా వైపు నిశ్చితార్థం. మగపెళ్ళివారు ముందు గదిలో కూర్చుని ఉన్నారు. కోడలు సాల్కిన్ మమ్మల్ని పెరటి గుమ్మంలోంచి లోపలికి తోసింది.

"రెండ్రోజుల్నించి విరేచనాలన్నా. ఒళ్ళంతా ఎండిపోయింది. గబగబా ఒక సెలైన్ పెట్టెయ్యి, లేచి పెద్దల వరసలో కూర్చోవాలి."

ముసలావిడ పడుకోలేక రెండు చేతులూ పరుపుకి ఆనించి ఎగరొప్పుతోంది. పెదాలు నీలం. నాలుక మాత్రం ఎండిపోయి ఉంది. అన్న మెడ చూశాడు, నరాలు ఉబ్బి ఉన్నాయి. వీపు మీద చెవిగొట్టం ఆనించి మొహం చిట్లించాడు.

"లోపల నీళ్ళు బుడబుడమంటున్నాయి," అన్నాడు నాతో. "నిజంగా ఎండిపోయిన మనిషైతే నీరు లాగే మందు ఇచ్చానంటే చచ్చిపోతుంది. నీళ్ళు నిండిన మనిషైతే సెలైన్ పెట్టానంటే చచ్చిపోతుంది." తర్వాత కోడలి వైపు తిరిగాడు. "ఏం ఎక్కించారు?"

"ఏమీ లేదన్నా."

"ఆ మేకేంటి?"

తివాచీ పైన కొత్త మేకు, దానికి గాజుగుడ్డ పేలిక.

"ఫోటో తగిలించడానికి."

"ఫోటో ఏదమ్మా?"

"పడిపోయింది."

అన్న ముసలావిడ చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరు.

"పిల్లి గీరింది," అంది సాల్కిన్.

"పిల్లికి ప్లాస్టరు వెయ్యడం కూడా వచ్చా? ఎవరు పెట్టారో నాకక్కర్లేదు. ఎన్ని సీసాలో చెప్పు!"

"ఒట్టు పెట్టించుకుందన్నా. ఊళ్ళో ఎవరికి చెప్పినా ఫర్లేదు, నీకు మాత్రం చెప్పొద్దంది."

"నాకు మాత్రమేనా?"

ప్లాస్టరు చివర చిన్న మడత ఉంది. ఆయన దాన్ని చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. అంత బలంగా ఉండే మనిషి అలా నీరుగారిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒక చేత్తో ముసలావిడని పట్టుకునే ఫోన్ నా మీదికి విసిరాడు. "జూరాకి కలుపు. స్పీకరు పెట్టు."

"ఏమండీ, అప్పుడే చేశారేం?" అంది వదిన.

"బురుల్కాన్ ఇంట్లో ఉన్నాను. ఎన్ని?"

"ఒకటే. విరేచనాలని కాళ్ళావేళ్ళా పడ్డారు. చాలా సన్నగా వదిలాను."

"చివరిదాకా ఉన్నావా?"

"లేను. మీరు భోజనానికొచ్చే వేళైంది. ఇంట్లో లేకపోతే ఎక్కడికెళ్ళావని అడుగుతారుగా. సూది తియ్యడం సాల్కిన్‌కి తెలుసని వచ్చేశాను."

సాల్కిన్ బావురుమంది. "రెండోది మేమే తగిలించామన్నా. పెళ్ళివారొచ్చేలోపు అయిపోవాలని గొట్టం మీది చక్రం మొత్తం తిప్పేశాం. రెండూ గంటలోపే దిగిపోయాయి."

అన్న ఇక ఎవరినీ ఏమీ అనలేదు. ముసలావిడ కాళ్ళు మంచం కిందికి వేలాడదీయించాడు, ఆక్సిజన్ పెట్టాడు, నీరు లాగే సూది వేశాడు. ముందు గదిలో పెళ్ళివారి నవ్వులు వినిపిస్తున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. చాలాసేపటికి ముసలావిడ బొక్కెన అడిగింది. అది నిండటం చూసి అన్న మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ పెదాలకి రంగొచ్చింది. కూర్చోబెట్టే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో టీ కావాలని గొణిగితే, "చుక్క కూడా లేదు!" అని కసిరాడు. బతికింది. మనవరాలి చెవిపోగులు వారం తర్వాత చూసుకుంది.

మర్నాడు పొద్దున ఆయన్ని ఎక్కించుకోవడానికి వెళ్ళాను. బల్ల మీద అదే మీగడ గిన్నె. అన్న చెంచా పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"ఇది ఎవరింటిది?"

వదిన పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. సగం ఊరు వచ్చింది అందులో. ఆయన పూర్తిగా విన్నాడు. అరుస్తాడని నేను బూట్లు వేసుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఎవరైనా పిలిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి," అన్నాడు మెల్లిగా. "గుండె నేను వింటాను. పెట్టొచ్చంటే పెట్టు. పెట్టాక చివరి చుక్క దిగేదాకా అక్కణ్ణించి కదలకు. నా టీ నేను కాచుకుంటాను."

వదిన చేతిలో కెటిల్ అలాగే ఆగిపోయింది. ముందు ఆయన మొహంలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది, మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"నిజంగానే అంటున్నారా," అంది, "లేక ఎవరెవరు పిలుస్తారో పట్టుకుందామనా?"