మిన్ను అరవలేదు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొయ్యడం అలవాటైపోయింది, అలసట మాత్రం పోలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

చందానగర్‌లో మా ఎదురు ఫ్లాట్ సునీతక్కది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా చేస్తోంది. ఒక్కతే ఉండేది. తోడు మిన్ను. షిట్జు జాతి ఆడకుక్క. నేల తుడిచేంత బొచ్చు, లోపలికి అణిగిపోయిన ముక్కు, ఎప్పుడూ తడిగా ఉండే పెద్ద కళ్లు. టిబెట్ చలిలో పుట్టి, చైనా రాజుల అంతఃపురాల్లో ఒళ్లో కూర్చోవడానికే పెరిగిన జాతి అని అక్క మురిసిపోతూ చెప్పేది. ఆ పేరుకు అర్థం సింహమట. ఆ సింహం గ్యాస్ బండ తెచ్చినవాడి కాళ్ల దగ్గర కూడా వెల్లకిలా పడుకునేది. దానికి మనిషి కనబడితే చాలు. అరవడం దాదాపు తెలియదు.

ఒక వేసవిలో వాళ్లమ్మకు ఆపరేషన్ అని ఊరెళ్తూ అక్క మిన్నును నాకు అప్పగించింది. ఆ ముక్కుతో దానికి ఊపిరే కష్టమని, ఎండ తగలనివ్వొద్దని మరీ మరీ చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఇంటి నుంచే పని చేస్తున్నాను. మాదాపూర్‌లోని మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్న రోజులవి. క్లయింటుతో మీటింగ్. మిన్ను ఒళ్లోకి ఎక్కుతానని ల్యాప్‌టాప్ మీద కాళ్లు వేస్తోంది. ఎత్తుకెళ్లి బాల్కనీలో వదిలి అద్దం తలుపు వేశాను. కాసేపే అనుకున్నాను. మీటింగ్ సాగింది. దాని వెనకే ఇంకొకటి. నిజంగా మరచిపోయానా? లేక గుర్తొచ్చినా, అరవడం లేదు కదా, బాగానే ఉంటుందిలే అని కూర్చున్నానా? రెండోదే నిజమని నాకు తెలుసు, తెలిసీ ఇన్నాళ్లూ మొదటిదాన్నే పట్టుకుని వేలాడాను.

తలుపు తీసేసరికి అద్దానికి ముఖం ఆనించి పడి ఉంది. నీళ్లు పోశాను. ఒళ్లు కాలిపోతోంది. కదల్లేదు.

ఫోన్ చేస్తే అక్క మర్నాడే వచ్చింది. నర్సు కదా, ముందు అదే అడిగింది.

"ఆయాసపడిందా? నాలుక నీలంగా మారిందా?"

"లేదక్కా. ఏసీల పండుకున్నది, పండుకున్నట్టే పోయింది."

"గుండె చూపించమని డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు. నేనే వాయిదా వేశాను. నా చేతులతో నేనే చంపుకున్నానే దాన్ని."

"ఊకో అక్కా. ఇగ ఫికర్ జేసి ఏం లాభం."

కాదని చెప్పాల్సిన చోట ఓదార్చాను. ఆమె నా భుజం మీద ఏడ్చింది. చివరిదాకా దాని పక్కన ఉన్నందుకు నాకు థ్యాంక్స్ చెప్పింది.

మొన్న లిఫ్టులో పై అంతస్తు ఆవిడ కుక్కపిల్లను ఇస్తానంటే, పెంచే అర్హత తనకు లేదంది అక్క. పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాను. ఏం చూశాను? ఏమీ లేదు. నల్లటి తెర.

అక్కకు ఎప్పుడు చెబుతానో తెలియదు. అసలు చెబుతానో లేదో కూడా. క్షమించమని అడిగే ముఖం లేదు. మిన్ను నా వల్ల చచ్చిపోయింది. ఈ ఒక్క వాక్యం ఇంతవరకూ ఎక్కడా అనలేదు, నాలో నేను కూడా. ఇప్పుడు రాశాను. కాస్త ఊపిరాడుతోంది, అంతే.